తాళం సగం తిప్పి ఆగండి

“ఆ ఎర్ర ఉగ్గుగిన్నె ఏమిటే?” అని అడిగింది అమ్మ.

కోరాపుట్‌లో బంధువుల ఇంటికి వెళ్లి, ఒడిశాలోనే ఉన్న మా ఊరు రాయగడకు తిరిగి వస్తున్నాం. లక్ష్మీపూర్ ఇంకా రాలేదు. బండి నేనే నడుపుతున్నాను. పక్కన అమ్మ, వెనుక పెదనాన్న, ఆయన పక్కన సీటు మీద గోనెసంచిలో ఒక పనసపండు. ముందు వెళ్తున్న లారీని ఎక్కడ దాటాలా అని చూస్తున్న నాకు అమ్మ మాట చెవిన పడింది గానీ బుర్రకు ఎక్కలేదు. రెండోసారి అడిగింది. అప్పుడు చూశాను. స్పీడు చూపించే ముల్లు కింద, చిన్న గిన్నెకు కొమ్ము అతికించినట్టు ఒక బొమ్మ, కొమ్ము చివర ఒక చుక్క, నిప్పుకణికలా వెలుగుతోంది. పసిపిల్లలకు ఆముదమో ఉగ్గో పట్టే గిన్నె అచ్చం అలాగే ఉంటుంది.

“ఆయిల్ తగ్గినట్టుంది. లక్ష్మీపూర్‌లో చూపిద్దాంలే” అన్నాను.

వెనుక నుంచి పెదనాన్న గొంతు వినిపించింది. “లక్ష్మీపూర్‌లో కాదు, ఇక్కడే. పక్కకు తీసి ఇంజిన్ ఆపు.”

ఆ గొంతులో ఏదో ఉంది, ఆపాను. దిగి వెనక్కి చూస్తే మేం వచ్చిన దారి పొడవునా, మలుపు దాకా, ముగ్గు వేసినట్టు సన్నటి గీత. కాకపోతే నల్లగా ఉంది. అంతకు వారం ముందే ఇంజిన్ ఆయిల్ మార్పించాను. మార్చిన కుర్రవాడు అడుగున బోల్టు సరిగా బిగించలేదు. గతుకు గతుక్కీ కాస్త కాస్త వదులై, ఘాట్ రోడ్డులో ఇంజిన్‌లోని నూనె అంతా తారు పాలయింది. పిక్‌అప్ వ్యాను వెనుక తాడు కట్టించుకుని లక్ష్మీపూర్ చేరాం. ఒక బోల్టు, ఒక వాషరు, ఒక డబ్బా ఆయిల్‌తో పోయింది. “ఇంకో రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఉంటే ఇంజిన్ తిరగకుండా పట్టేసి సీజ్ అయ్యేది” అన్నాడు అక్కడి మెకానిక్, చేతులు తుడుచుకుంటూ, ఒడియాలో.

నాలుగేళ్లుగా ఆ బండి నడుపుతున్నది నేను. దీపాన్ని చూసింది మాత్రం బండి నడపడమే రాని అమ్మ, దాని అర్థం చెప్పింది ఇరవై ఏళ్లుగా స్టీరింగు పట్టని పెదనాన్న. నాకు ఇంకో సిగ్గు కూడా ఉంది. మాది మందుల దుకాణం. యాంటీబయాటిక్ మాత్రల పట్టీ మీద నిలువుగా ఒక ఎర్రగీత ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా మింగవద్దని దాని అర్థం. ఆ గీత మీద వేలు పెట్టి చూపించి, తెలుగులో, ఒడియాలో, ఇక్కడి గిరిజనుల భాష కువిలో వచ్చీరాని మాటలతో రోజూ చెబుతూ ఉంటాను. అలాంటి నేను నా కళ్లెదుట వెలిగిన ఎర్రదీపాన్ని తర్వాతి ఊరికి వాయిదా వేశాను.

ఆ రాత్రే కారులో ముందు అర తెరిచి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పుస్తకాన్ని బయటికి తీశాను. అప్పటి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. చెబితే చాలామంది నవ్వుతారు. కారు గురించి తెలుసుకోవలసింది దాన్ని నడిపేవాళ్లు మాత్రమే కాదు, అందులో కూర్చునే ప్రతి ఒక్కరూ. నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీద ఉంటాయి, ఉండాలి కూడా. దీపాలను చూడగలిగే తీరిక పక్కన ఉన్నవాళ్లకే ఉంటుంది.

ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాదు గానీ, ఎందుకు నవ్వుతారో అర్థమవుతుంది. మన ఇళ్లలో కారు కన్నా ముందు ‘డ్రైవరు’ వచ్చాడు. పెదనాన్న ఉద్యోగమే అది. 1992 అక్టోబరులో రాయగడ విడి జిల్లా కాకముందు, ఇదంతా ఒకే కోరాపుట్ జిల్లాగా ఉన్న రోజుల్లో, ఆయన ప్రభుత్వ జీపులో అధికార్లను రాయగడ నుంచి మల్కన్‌గిరి దాకా తిప్పేవారు. బండి కడుపులో ఏముందో ఆయనకు తెలుసు. వెనుక కూర్చున్న దొరగారికి తెలియవలసిన అవసరం లేదు. తర్వాత మనం దొరల సీటు వదిలి డ్రైవరు సీట్లోకి వచ్చాం. సీటు వచ్చింది గానీ ఆ సీటుకు ఉండవలసిన చదువు రాలేదు. ఆ చదువు పెదనాన్న తరంతోనే రిటైరయింది.

కొత్త కారు తీసుకునే రోజున షోరూములో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. మూడడుగుల అట్ట తాళంచెవి చేతికిచ్చి ఫొటో తీస్తారు. బానెట్ మీద దండ, ఒక కేకు. తర్వాత పది నిమిషాలు కారు గురించి చెబుతారు, అందులో ఏడు నిమిషాలు ఫోను బ్లూటూత్‌కు ఎలా కలపాలన్నదే. అక్కడి నుంచి నేరుగా మజ్జిగౌరమ్మ గుడికి. మా పొరుగాయన అలాగే వెళ్లారు. పూజ అయింది, చక్రాల కింద నిమ్మకాయలు పగిలాయి, ఇంటికి బయలుదేరారు. ఎంత తొక్కినా బండి ఈడ్చినట్టు వస్తోందట, కాలిన వాసన కూడా వస్తోందట. కొత్త బండి కదా, కొత్త వాసన అనుకున్నారు. వీధి చివర నేను ఎదురుపడి, అద్దంలోంచి లోపలికి తొంగి చూస్తే గుండ్రటి గీతలో ఆశ్చర్యార్థకం ఎర్రగా వెలుగుతోంది. హ్యాండ్‌బ్రేకు దించలేదు. ఆయన బ్యాంకు ఉద్యోగి, మూడు భాషల్లో లెక్కలు రాస్తారు. ఆ ఒక్క గుర్తు మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చిత్రమేమిటంటే, ఆ గుర్తులు ఏ భాషా రానివాళ్ల కోసం గీసినవి. కారు ఎక్కడ తయారైనా, ఎక్కడ అమ్ముడైనా అర్థం కావాలని, అక్షరం అవసరం లేని బొమ్మలకు ఐఎస్‌ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది. జపాను కారులోనూ జర్మనీ కారులోనూ ఉగ్గుగిన్నె ఉగ్గుగిన్నెలాగే ఉండడానికి కారణం అదే. ఇలాంటి లిపి చదవడంలో సరిహద్దు ఊళ్లవాళ్లం మనం అందరికన్నా ముందుండాలి. పార్వతీపురం నుంచి కోడలిగా వచ్చిన అమ్మకు ఇప్పటికీ ఒడియా చదవడం రాదు. అయినా నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో ఒక్కసారి కూడా తప్పు బస్సు ఎక్కలేదు. బోర్డు మీద అక్షరాలు ఆమెకు అవసరం లేదు. బస్సు రంగు, అద్దం మీద దేవుడి పటం, కండక్టరు గొంతు చాలు. ఆ అలవాటే ఆ రోజు ఉగ్గుగిన్నెను పట్టుకుంది.

అందుకే పుస్తకంలోని పేర్లను పక్కన పెట్టి, అమ్మ పెట్టిన పేర్లతోనే మా ఇంట్లో పాఠం మొదలైంది. ఇంజిన్ వేడి గుర్తు ‘నీళ్లలో పడ్డ తాళంచెవి’. ఎయిర్‌బ్యాగు గుర్తు ‘ఒళ్లో బంతి పెట్టుకున్నవాడు’. టైరులో గాలి తగ్గితే వెలిగేది ‘గుర్రపు లాడం’. ఇంజిన్ తనిఖీ దీపం ఆమెకు పొలంలో ‘నీళ్ల మోటారు’లా కనిపించింది, ఇప్పుడు నాకూ అలాగే కనిపిస్తోంది. బ్యాటరీకి కొత్త పేరు అవసరం కాలేదు, ఎందుకంటే ఇంట్లో ఇన్వర్టరు ఉంది.

తాళం సగం తిప్పి, అంటే సెల్ఫ్ కొట్టే ముందు మెట్టు దగ్గర, ఆగండి. మీట నొక్కితే స్టార్టయ్యే బండి అయితే క్లచ్చుగానీ బ్రేకుగానీ తొక్కకుండా రెండుసార్లు నొక్కండి. ముఖ్యమైన దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. అది దీపాల హాజరు పట్టీ. బండి తన దీపాలు పనిచేస్తున్నాయని చూపించుకుంటోంది. కొన్ని సెకన్లలో కొన్ని ఆరిపోతాయి, ఇంజిన్ అందుకున్నాక మిగిలినవి ఆరిపోతాయి. ఆరనిది ఏదైనా ఉంటే ఆ దీపం మీకు ఏదో చెబుతోందన్నమాట. అసలు వెలగనిది ఏదైనా ఉంటే అది ఇంకా పెద్ద సంగతి. దాని గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది.

రంగుల సంగతి సులభం. ఎరుపైతే ఆగాలి, పసుపైతే త్వరలో చూపించాలి, ఆకుపచ్చ, నీలం అయితే ఏదో పనిచేస్తోందని కబురు. అయితే ఎరుపులన్నీ ఒకే తీరు కావు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నేను పడింది ఇక్కడే. ఉగ్గుగిన్నె వెలిగితే ఆయిల్ కొంచెం తగ్గిందని కాదు, ఆయిల్ ఒత్తిడి పోయిందని. ఒంట్లో రక్తం కాస్త తక్కువగా ఉండడానికీ బీపీ ఒక్కసారిగా పడిపోవడానికీ ఉన్న తేడా ఇది. మొదటిదానికి టానిక్ రాసిస్తారు, రెండోదానికి మంచం ఎక్కిస్తారు. లోపల లోహం మీద లోహం రుద్దుకుంటూ ఉంటుంది, నిమిషాలు కూడా లెక్కే. ఆయిల్ మట్టం ఎంతుందో ఆ దీపం చెప్పదు. దానికి బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ అనే కొలత పుల్లను లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. నెలకు ఒకసారి, బండి చదునైన చోట ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక.

నీళ్లలో తాళంచెవి ఎర్రగా వెలిగినా ఆగడమే. ఆగాక చేయకూడని పని ఒకటి ఉంది, రేడియేటర్ మూత తీయడం. ప్రెషర్ కుక్కరు ఈల పూర్తిగా దిగకముందే మూత లాగే ధైర్యం మన వంటింట్లో ఎవరికీ ఉండదు. రోడ్డు పక్కన మాత్రం సీసాడు నీళ్లు చేత్తో పట్టుకుని ఆ మూత మీదికే వెళ్తాం. లోపల ఉన్నది నూరు డిగ్రీలు దాటి ఒత్తిడిలో ఉన్న ద్రవం, ముఖం మీదికే చిమ్ముతుంది. కొన్ని చిన్న కార్లలో ఇదే బొమ్మ పొద్దున్నే నీలంగా వెలిగి రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని దాని అర్థం, కంగారు పడనక్కరలేదు. చలికాలంలో మా వైపు అది కాస్త ఎక్కువసేపే ఉంటుంది.

బ్యాటరీ బొమ్మ వెలిగితే బ్యాటరీ పోయిందని కాదు, దానికి ఛార్జింగు అందడం లేదని. ఉన్న ఛార్జింగుతో కొంతదూరం పోవచ్చు. పగలైతే ఎక్కువ, రాత్రి హెడ్‌లైట్లతో తక్కువ. హ్యాండ్‌బ్రేకు దించాక కూడా ఆశ్చర్యార్థకం ఆరకపోతే బ్రేకు ద్రవం తగ్గి ఉండవచ్చు. ఆ దీపంతో ఘాట్ దిగే సాహసం చేయవద్దు. నీళ్ల మోటారు పసుపు రంగులో నిలకడగా ఉంటే నెమ్మదిగా మెకానిక్ దగ్గరికి వెళ్లవచ్చు. అదే మిణుకుమిణుకుమంటే ఇంజిన్‌లో మంట సరిగా అంటుకోవడం లేదు, కాలని పెట్రోలు పొగగొట్టం దారిలోని ఖరీదైన భాగాన్ని కాల్చేస్తుంది. కాలు తీసి ఆపడమే మంచిది. ఏబీఎస్ అని పసుపు అక్షరాలు వెలిగితే మామూలు బ్రేకులు పడతాయి గానీ, తడిరోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాచేది లేదన్నమాట.

పెదనాన్నకు ఈ దీపాల మీద గౌరవం లేదు. “మా జీపులో ముల్లు ఉండేది. ఆయిల్ ఒత్తిడికి ముల్లు, వేడికి ముల్లు, ఛార్జింగుకు ముల్లు. అది మెల్లగా జారుతూ ఉంటే గంట ముందే తెలిసేది. ఈ దీపం ఇల్లు కాలాక కూసే కోడి” అంటారు. నిజమే. తయారీదార్లు ఆ ముళ్లు చాలావరకు తీసేసి దీపాలు పెట్టారు, కొన్ని చిన్న కార్లలో వేడి ముల్లు కూడా లేదు. మనకు అర్థం కాదని వాళ్ల అభిప్రాయం కావచ్చు. ఒక్కసారి మాత్రమే పలికే దీపం కాబట్టి, అది పలికినప్పుడు వినడం మరీ అవసరం.

అంతమాత్రాన పెదనాన్న చెప్పిందంతా వేదమూ కాదు. ఆయన కాలపు డ్రైవర్లు కొందరు ఘాట్ దిగుతూ పెట్రోలు మిగులుతుందని గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేవారు, ఇంకా గట్టివాళ్లు ఇంజిన్ కూడా ఆపేసేవారు. ఆ అలవాటు ఇప్పటికీ సుంకి ఘాట్‌లో చూస్తాను, సాలూరు వైపు దిగే బండ్లలో. ఇప్పటి బండ్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉంచి యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తే కంప్యూటర్ ఇంజిన్‌కు ఇంధనం పోవడమే ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఊరికే తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. మిగులు దేవుడెరుగు, ఖర్చు. ఇంజిన్ ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకు పెడలుకు బలం ఇచ్చేది ఇంజిన్ నడుస్తున్నప్పుడు పుట్టే శూన్యం. ఆగాక రెండు మూడు తొక్కుళ్లకు సరిపడా మిగిలి, తర్వాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగూ అంతే, బరువెక్కుతుంది. తాళంచెవి బయటికి లాగేస్తే స్టీరింగు లాకయ్యే బండ్లూ ఉన్నాయి, కొండ మలుపులో.

ఈ విషయంలో పెదనాన్నది మొదటి నుంచీ ఒకటే సూత్రం, ఎక్కిన గేరులోనే దిగాలి. రెండో గేరులో ఎక్కిన చోట రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద భారం ఉండదు. దిగుతున్నంతసేపూ బ్రేకు తొక్కిపెడితే అవి వేడెక్కి, అవసరమైనప్పుడు పట్టవు. దానికి ముందుగా దీపమేదీ వెలగదు, వాసన వస్తుంది. ముక్కు కూడా ఒక మీటరే.

మీటల గురించి ఎక్కువ చెప్పను, పుస్తకంలో ఉన్నవే. అయినా రెండు మాటలు. ఆ మీటరు గుంపులో నీలంగా కనిపించేది హై బీమ్, అంటే హెడ్‌లైటు వెలుగు పైకి, దూరానికి కొడుతోందని. ఎదుటివాడు కళ్లు పొడుస్తున్నాడని తిట్టే ముందు మన నీలం దీపం చూసుకోవడం మర్యాద. కోరాపుట్ మంచులో హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మన మీదికే వస్తుంది, వెలుగు కిందికి దించి డిప్ చేయాలి. అద్దం లోపలివైపు ఆవిరి పడితే చేతిరుమాలుతో తుడవడం కన్నా ఏసీ వేసి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పి, కారు బొమ్మలో బాణం మెలికతిరిగిన మీటను ఆపి బయటి గాలిని రానివ్వాలి. చలిలో ఏసీ ఏమిటని అమ్మ అడిగింది. ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది. ఇది తెలియక రెండు శీతాకాలాలు నేను ఎడమచేత్తో అద్దం తుడుస్తూ కుడిచేత్తో నడిపాను. ఇక నాలుగు ఇండికేటర్లూ కలిపి వేసేది ఆగిపోయిన బండికి. నాలుగు రోడ్ల కూడలిలో ‘తిన్నగా వెళ్తున్నాను’ అని చెప్పడానికి దాన్ని వేసేవాళ్లకు దండం.

ఇక సీటు. నాకు గొడవలన్నీ ఇక్కడే వచ్చాయి.

తమ్ముడు పోయినేడాది పాత కారు కొన్నాడు. మొదటిసారి చూపించడానికి తెచ్చినప్పుడు మరదలు ముందు సీట్లో, ఒళ్లో ఎనిమిది నెలల పాప. బెల్టు కట్టుకోలేదు, కానీ బెల్టు గుచ్చే చోట మెరిసే లోహపు నాలుక ఒకటి గుచ్చి ఉంది. బీప్ శబ్దం రాకుండా ఉండడానికి. కారు కంపెనీ గుర్తు కూడా చెక్కి ఉంది దాని మీద, నగలా. అలాంటివి ఆన్‌లైన్‌లో ఎంత విచ్చలవిడిగా అమ్ముడయ్యాయంటే, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కలగజేసుకున్నాక ఐదు అమ్మకపు వేదికల నుంచి 13,118 ప్రకటనలు తీసేశారని 2023 మేలో ప్రభుత్వం ప్రకటించింది. మనిషి బతకాలని పెట్టిన శబ్దం నోరు నొక్కడానికి డబ్బు పెట్టి కొనేవాళ్లం మనం.

“పాప ఏడుస్తుంది వదినా, నేను గట్టిగానే పట్టుకుంటాను” అంది మరదలు. తల్లి చేతుల బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. లెక్క చెప్పాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ ఒక్కసారిగా ఆగిపోవడమంటే సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎదిగిన కొబ్బరిచెట్టు మీది నుంచి పడడంతో సమానం. ఆ క్షణంలో తొమ్మిది కిలోల పాప నూరు కిలోలు దాటిన బరువుతో ముందుకు లాగుతుంది. రెండు బియ్యం బస్తాలను ఒళ్లోంచి జారిపోకుండా పట్టుకోగలవా? పైగా ముందు ఎయిర్‌బ్యాగు ఉంది. అది విచ్చుకోవడానికి సెకనులో వందో వంతులు మూడు చాలు, కనురెప్ప వాల్చేలోపే. మెత్తటి దిండులా రాదు, గుద్దినట్టు వస్తుంది. దానికీ తల్లికీ మధ్య పాప ఉంటుంది.

మరదలు మాట్లాడలేదు. తమ్ముడు మాట్లాడాడు. “ఎయిర్‌బ్యాగు ఉంది కదా, ఇంక బెల్టు ఎందుకు?” ఈ ప్రశ్న దుకాణంలోనూ వింటాను, సూది వేయించుకున్నాం కదా మాత్రలెందుకని. బెల్టే అసలు మందు, ఎయిర్‌బ్యాగు దానికి తోడు. బెల్టు లేని మనిషి ముందుకు దూసుకుపోయి, ఇంకా విచ్చుకుంటున్న సంచికే ఎదురెళ్లి తగులుతాడు. ఇప్పుడు మనం కట్టుకునే భుజం మీదుగా నడుము మీదుగా వచ్చే బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ రూపొందించాడు. ఆ పేటెంటును మిగతా కంపెనీలూ వాడుకోవచ్చని వోల్వో వదిలేసింది. ఉచితంగా వచ్చిందని మనకు అలుసు కాబోలు.

కట్టుకునే తీరులోనూ తప్పులున్నాయి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులకైతే పొట్ట కిందుగా. భుజం పట్టీ మెడకు రాసుకుంటోందని చంక కింద నుంచి తీసుకుంటే పక్కటెముకలు విరుగుతాయి. సీటు వెనక్కి వాల్చి పడుకుంటే బెల్టు కింద నుంచి జారిపోతాం. నాలాంటి పొట్టివాళ్లకు ఇంకో ఇబ్బంది, క్లచ్ అందాలని స్టీరింగు మీదికి పాకుతాం. రొమ్ముకూ స్టీరింగుకూ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అంటే జానెడు మీద రెండు వేళ్లు. సీటు ఎత్తు పెంచుకుని, స్టీరింగు కిందికి దించుకుంటే ఆ దూరం దొరికింది. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. తలగడలాంటి హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తి ఎత్తుకు రావాలి. మెడకు ఆనించుకునే దిండు కాదు అది. వెనుక నుంచి ఎవరైనా గుద్దితే మెడ వెనక్కి విరగకుండా ఆపేది. మా ఇంట్లో అన్ని హెడ్‌రెస్ట్‌లూ అట్టడుగున ఉండేవి, కొన్ననాటి నుంచీ ఎవరూ పైకి లాగలేదు.

వెనుక సీటు సంగతి ఎవరికీ పట్టదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. వెనుక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అది చౌక బండి కాదు. వెనుక కూర్చున్నవాళ్లూ బెల్టు కట్టుకోవాలన్నది అప్పటికే చట్టంలో ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం బెల్టు లేకపోయినా, పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకపోయినా వెయ్యి రూపాయల జరిమానా. ఈ జరిమానా గురించి మా వీధిలో చెబితే, కొమరాడ దాటాక ఆంధ్రా పోలీసు పట్టుకుంటాడా, ఒడిశాలో ఎవరూ అడగరు కదా అని వాదన వస్తుంది. చెట్టుకు, గోడకు, ఎదుటి లారీకి రాష్ట్రం తేడా తెలియదు.

మరి పనసపండో? లక్ష్మీపూర్ దారిలో నేను బ్రేకు గట్టిగా తొక్కి ఉంటే పన్నెండు కిలోల ముళ్లపండు సీటు మీది నుంచి లేచి ఎవరి తల వెనుకకు వచ్చి ఉండేదో తర్వాత ఆలోచించాను. ఇప్పుడు పండైనా గ్యాస్ పొయ్యి అయినా డిక్కీలోకే.

ఎదురుమాట ఒకటి ఒప్పుకోవాలి. కార్లు మరీ ఎక్కువగా అరుస్తున్నాయి. 2019 జూలై నుంచి కొత్త కార్లకు ఎనభై దాటితే హెచ్చరిక, రివర్సులో సెన్సరు, ముందు సీట్లకు బెల్టు గుర్తుచేసే శబ్దం తప్పనిసరి చేశారు. సీటు మీద కూరగాయల సంచి పెట్టినా బెల్టు కట్టమంటుంది. మందుల పెట్టెలో నలభై దుష్ఫలితాలు రాసిన కాగితం లాంటిదే ఇది. అన్నీ ఉన్నాయి కాబట్టి ఎవరూ ఏదీ చదవరు. కానీ దీనికి మందు చెవులు మూసుకోవడం కాదు. ఆ నలభైలో ఏ మూడు ప్రాణాంతకమో తెలిసి ఉండాలి. దుకాణంలో నేను చేసే పని అదే, ఆ కాగితంలోంచి మూడు మాటలు ఏరి చెప్పడం.

తమ్ముడికి పాఠం చెబుదామని మరుసటి ఆదివారం అందరినీ అతని కారులో కూర్చోబెట్టాను. ఇంటి ముందే, ఇంజిన్ ఆపి. లోహపు నాలుక అప్పటికే తీసేశాడు. మరదలు వెనుక సీట్లో, పాపకు కొత్తగా తెప్పించిన సీటు వెనక్కి తిప్పి బిగించి ఉంది. అమ్మ ముందు సీట్లో కూర్చుని, బెల్టు కట్టుకుని, డ్యాష్‌బోర్డు వైపు ఒరిగింది.

“సగం తిప్పు” అన్నాను. తిప్పాడు.

అమ్మ వేలు పెట్టి లెక్కపెట్టింది. “ఉగ్గుగిన్నె. బ్యాటరీ. ఆశ్చర్యం. నీళ్ల మోటారు...” ఆగింది. “బంతివాడు ఏడీ?”

మళ్లీ తిప్పించాను. మళ్లీ లేడు. మూడోసారి కూడా లేడు. బండి అమ్మినవాడు ‘ఒక్క హెచ్చరిక దీపం కూడా లేని బండి’ అని చెప్పి అమ్మాడు. ఆ మాట మాత్రం నిజమే.

మెకానిక్ మీటరు విప్పితే ఆ ఒక్క దీపం మీద నల్ల టేపు ముక్క అంటించి ఉంది. స్టీరింగు మధ్య మూత ఊడదీస్తే లోపల ఖాళీ. ఎప్పుడో ఒకసారి గుద్దుకుని సంచి విచ్చుకుంది, కొత్తది ఖరీదని మూత మాత్రం జిగురుతో అతికించి అమ్మేశారు. కొన్ననాటి నుంచీ తమ్ముడు ఎయిర్‌బ్యాగు ఉంది కదా అని బెల్టు లేకుండా తిరిగింది ఆ బండిలోనే.

అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు. కొత్త ఎయిర్‌బ్యాగు ధర విని తమ్ముడు రెండు రోజులు సరిగా భోజనం చేయలేదు. కారు విశాఖపట్నం తీసుకువెళ్లి అక్కడ ఉంచి వచ్చాడు. తిరిగి వచ్చిన సాయంత్రం, ఇంకా దిగకముందే, అమ్మ గుమ్మంలోంచి చెయ్యి ఎత్తి ఆగమంది. వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. ఇంజిన్ ఆపించి తాళం సగం తిప్పించింది.

“వచ్చాడు” అంది. కాసేపాగి, “వెళ్లాడు” అంది. అప్పుడు దిగనిచ్చింది.